హైదరాబాద్ వేదికలు: ఎవరికి దగ్గర, ఎవరికి దూరం
(ఒక సాయంత్రం సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. పని దినం రోజు, ఈ ట్రాఫిక్‌లో పడి ఇంతమంది వచ్చారు. చాలా సంతోషం.

నగరంలోని కళా వేదికలు, క్రీడా వేదికల గురించి మాట్లాడమన్నారు నన్ను. నేను ఇంజినీరును కాను, అధికారినీ కాను. నాటకాలకు లైట్లు వేసేవాణ్ణి. అందుకని నాకు హాళ్లన్నీ వెనక తలుపు నుంచే బాగా తెలుసు. సామాన్లు దించుకునే చోటు ఎక్కడుంది, మెట్లెన్ని ఎక్కాలి, కరెంటు ఎక్కడి నుంచి తీసుకోవాలి, వాచ్‌మన్ ఎన్నింటికి తాళం వేస్తాడు, ఇవీ నాకు తెలిసిన సంగతులు. అక్కడి నుంచే మాట్లాడతాను. క్రీడల గురించి కూడా చెబుతాను, ఎందుకంటే గ్రౌండ్ కోసం తిరిగే కోచ్ బాధ, హాలు కోసం తిరిగే నాటకం వాళ్ల బాధ ఒకటేనని నాకు ఎప్పుడో అర్థమైంది.

ముందు మన దగ్గర ఏమున్నాయో చూద్దాం. అసెంబ్లీ దగ్గర నిలబడండి. పక్కనే రవీంద్రభారతి. ఇటు పబ్లిక్ గార్డెన్స్, అందులో జూబ్లీహాలు, లలిత కళా తోరణం ఆరుబయట వేదిక, పిల్లలకు బాలభవన్. ఎదురుగా తెలుగు విశ్వవిద్యాలయం, దాంట్లో ఒక ఆడిటోరియం. ఇంకొంచెం నడిస్తే లాల్ బహదూర్ స్టేడియం. మరో పక్క నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్. నాటకం, కచేరీ, క్రికెట్, ఫుట్‌బాల్, ఏటా జరిగే నుమాయిష్ ప్రదర్శన, అన్నీ ఓపిక ఉన్న మనిషి నడిచి చుట్టి రాగలిగినంత దూరంలో ఉన్నాయి. ఇలాంటి ప్రాంతం ఉండటం ఏ నగరానికైనా అదృష్టమే. రైల్వే స్టేషన్ ఉంది, బస్సులున్నాయి, ఇప్పుడు మెట్రో కూడా వచ్చింది. లక్డీకాపూల్ స్టేషన్‌లో గానీ అసెంబ్లీ స్టేషన్‌లో గానీ దిగితే రవీంద్రభారతికి ఆటో అక్కర్లేదు.

రవీంద్రభారతి 1961లో వచ్చింది. ఆ ఏడాది రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి. ఆ సందర్భాన్ని పురస్కరించుకుని దేశంలో చాలా నగరాల్లో ఆయన పేరు మీద రంగస్థలాలు కట్టారు. చండీగఢ్‌లో టాగోర్ థియేటర్, కోల్‌కతాలో రవీంద్ర సదన్, బెంగళూరులో రవీంద్ర కళాక్షేత్ర, ఇవన్నీ ఆ తలంపులోంచి పుట్టినవే. మన రవీంద్రభారతిని ప్రారంభించింది సర్వేపల్లి రాధాకృష్ణన్, అప్పటికి ఆయన ఉపరాష్ట్రపతి. ఒక కవి పేరు చెప్పి, ప్రభుత్వ సొమ్ముతో, జనం కోసం ఒక రంగస్థలం కట్టాలని అనుకున్న కాలం అది. దానికంటే చాలా ముందే, 1890లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు టౌన్‌హాలు కట్టించారు. ఊరివాళ్లు కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక కప్పు ఉండాలని ఆయన పట్టుదల. ప్రభుత్వం కట్టినా, ఒక వ్యక్తి కట్టినా, ఉద్దేశం ఒక్కటే: డబ్బున్నా లేకపోయినా ఊరివాళ్లకు ఒక చోటు ఉండాలి.

ఇప్పుడు ఆ ఉద్దేశం ఎంతవరకు నిలబడింది?

ఒక నాటకం రోజును మీ ముందు పెడతాను. హాలును సాధారణంగా సెషన్ల లెక్కన అద్దెకిస్తారు. సాయంత్రం సెషన్ అంటే మన చేతికి వచ్చేది నాలుగైదు గంటలు. నాటక సమాజం వాళ్లు చందాలు వేసుకుని అద్దె కడతారు, డిపాజిట్ కడతారు. ఆ రోజు ట్రాలీ ఆటోలో సెట్టు సామాను వస్తుంది. తలుపు తీయగానే పరుగు మొదలు. పైన బారుకు లైట్లు బిగించాలి. కేబుళ్లన్నీ, వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్ దాకా లాగాలి. తర్వాత ఒక్కో లైటునూ నటుడు నిలబడే చోటికి ఫోకస్ చేయాలి. దానికి ఒకరు నిచ్చెన మీద ఉండాలి, ఒకరు స్టేజి మీద పాత్ర నిలబడేచోట నిలబడాలి, ఒకరు హాలు మధ్యలో కూర్చుని "ఇంకొంచెం కిందికి, ఇంకొంచెం ఎడమకి" అని చెబుతుండాలి. ముఖం మీద ముక్కు నీడ పడకుండా, పక్కవాడి మీద వెలుగు చిందకుండా చూసుకోవాలి. ఒక్క లైటుకు ఐదు నిమిషాలు పట్టినా, ఇరవై లైట్లకు గంటన్నర దాటిపోతుంది. ఈలోగా మైకుల వాళ్లు వస్తారు, బ్యానర్ కట్టేవాళ్లు వస్తారు. నటులు అప్పటిదాకా ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్లోనో, ఏ స్కూలు గదిలోనో రిహార్సల్ చేసి ఉంటారు. ఈ స్టేజి కొలతలు వాళ్ల కాళ్లకు తెలియవు. ఒక్కసారి నడిచి చూసుకుంటామంటారు. టైం ఉండదు. తెర లేచాకే వాళ్లకు ఆ స్టేజి పరిచయం.

నెలలు కష్టపడి తయారుచేసిన నాటకం సగం తయారీతో జనం ముందుకు వెళ్తుంది. చూసినవాళ్లు "తెలుగు నాటకంలో ఇప్పుడు పస లేదండీ" అని ఇంటికి పోతారు. పస ఎక్కడ పోయిందో నేను నిచ్చెన మీద నుంచి చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఇంకోటి. అదే హాలు, అదే సాయంత్రం, ముందు ఒక సన్మాన సభ, తర్వాత నాటకం అని పెడతారు. ఒక హాల్లో, పేరు చెప్పను, ఏడు గంటలకు మొదలవ్వాల్సిన మా నాటకం తొమ్మిదికి మొదలైంది. ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చారు, ఆపైన వక్తలు చాలామంది ఉన్నారు. నాటకం నడుస్తుండగా పది దాటింది. వెనక వరసల నుంచి ఒక్కొక్కరే లేవడం మొదలుపెట్టారు. వాళ్లను తప్పు పట్టలేను. దిల్‌సుఖ్‌నగర్ అవతలికి పోవాలి, ఈసీఐఎల్‌కు పోవాలి, బస్సు దొరుకుతుందో లేదో అని టెన్షన్. చివరి రంగంలో తండ్రి పాత్ర వేసిన ఆయన, ఖాళీ అవుతున్న కుర్చీల వైపు చూస్తూ కూడా తన డైలాగు ఒక్క ముక్క తొందరపడలేదు. ఎంత మెల్లగా చెప్పాలో అంత మెల్లగానే చెప్పారు. ఆయన పగలు ఒక చిన్న ఆఫీసులో గుమాస్తా. అలాంటి కళాకారుడికి నగరం ఇవ్వాల్సింది శాలువా కాదు, సమయానికి లేచే తెర.

సన్మానాలు వద్దని నేను అనడం లేదు. వాటికి వేరే గదులు చాలు. రంగస్థలానికి కావలసిన ఎత్తు, లోతు, పక్క తెరలు, లైట్ల బార్లు, గ్రీన్‌రూములు ఉన్న హాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉన్నప్పుడు, వాటిని ముందు నాటకానికి, నృత్యానికి, సంగీతానికి ఇవ్వాలి.

సురభి వాళ్ల సంగతి మీకు తెలుసు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన కుటుంబ నాటకం అది. ఇప్పటికీ తరం తర్వాత తరం ఆడుతున్నారు. వాళ్ల మాయాబజార్ చూసినవాళ్లకు తెలుసు, ఎన్ని రంగుల తెరలు, ఎన్ని తీగలు, గాల్లోకి లేచే పాత్రలు, క్షణంలో మారిపోయే రాజభవనాలు! అదంతా నాలుగు గంటల సెషన్‌లో కట్టి విప్పేది కాదు. ఒకప్పుడు వాళ్లు ఊరూరా సొంత పందిరి హాలు వేసుకుని నెలల తరబడి ఆడేవాళ్లు. చోటు స్థిరంగా దొరికింది కాబట్టే ఆ విద్య నిలబడింది. పబ్లిక్ గార్డెన్స్ లలిత కళా తోరణంలో వాళ్లు వరుసగా ప్రదర్శనలు ఇచ్చిన రోజుల్లో, చిన్న పిల్లలు ముందు వరసలో నేల మీద కూర్చుని నోళ్లు తెరుచుకుని చూడటం నాకు గుర్తుంది. సురభి అయినా, కొత్త కుర్రాళ్ల ప్రయోగ నాటకమైనా, ఒక్క పూటకు కాకుండా వారం, పది రోజులు చోటు ఇస్తేనే నోటి మాట పాకి జనం వస్తారు. మొదటి రోజు చూసినవాడు చెబితే మూడో రోజుకు పదిమంది వస్తారు. మన హాళ్ల బుకింగ్ పద్ధతిలో ఆ మూడో రోజే లేదు.

ఇప్పుడు చిక్కడపల్లికి వెళ్దాం. త్యాగరాయ గానసభ. గొప్ప భవనం కాదు. కానీ చుట్టూ ఇళ్లున్నాయి. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ సినిమా హాళ్లు, నగర కేంద్ర గ్రంథాలయం, టిఫిన్ సెంటర్లు, అన్నీ అక్కడే. సాయంత్రం పూట పెద్దవాళ్లు చేతికర్రతో నడుచుకుంటూ వచ్చి, అరగంట పాట విని, మందులు కొనుక్కుని ఇంటికి పోతారు. కార్యక్రమం ఏమిటో చూసుకోకుండా వచ్చేవాళ్లు కూడా ఉంటారు. ఇలా అలవాటుగా వచ్చే శ్రోతలే కళను బతికిస్తారు. వెయ్యి మంది పట్టే హాలు ఊరికి ఒకటి ఉంటే చాలు. నడిచి వెళ్లగలిగే రెండు వందల మంది హాలు ప్రతి బస్తీకీ కావాలి.

బంజారాహిల్స్‌లో లామకాన్ 2010లో మొదలైంది. అది ఒక ఇల్లు. ఆ కుటుంబం దాన్ని అందరికీ తెరిచి ఇచ్చింది. పెద్ద హంగులేమీ లేవు. ఒక చెట్టు, ఒక వాకిలి, చిన్న స్టేజి, తక్కువ ధరకు చాయ్. ఉర్దూ కవిత్వం, తెలుగు నాటకం, డాక్యుమెంటరీ, సైన్సు ఉపన్యాసం, ఏదైనా అక్కడ జరుగుతుంది. అలాగే రవీంద్రభారతిలోనే పైన పైడి జయరాజ్ ప్రివ్యూ థియేటర్ ఉంది. కరీంనగర్ నుంచి బొంబాయి వెళ్లి హిందీ సినిమాల్లో హీరో అయి, 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న మన జయరాజ్ పేరు దానికి పెట్టారు. అక్కడ "సినివారం" పేరుతో శనివారాలు కొత్త దర్శకుల చిన్న సినిమాలు వేసి, తర్వాత వాళ్లతో మాట్లాడించే కార్యక్రమం నడిపారు. చిన్న గది, ఫలానా రోజు తప్పకుండా ఏదో ఒకటి ఉంటుందన్న నమ్మకం. కుర్రాళ్లు అలవాటు పడ్డారు. ప్రభుత్వ హాలులో కూడా ఇది సాధ్యమేనని రుజువైంది కదా.

ఇక ఆటల దగ్గరికి వద్దాం.

లాల్ బహదూర్ స్టేడియం, పాత పేరు ఫతే మైదాన్. ఇక్కడ 1955 నవంబర్‌లో న్యూజిలాండ్ మీద పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు చేశాడు. టెస్టుల్లో ఒక భారతీయుడి మొదటి డబుల్ సెంచరీ అది, మన అబిడ్స్ పక్కన జరిగింది. 1999లో ఇదే మైదానంలో, మళ్లీ న్యూజిలాండ్ మీదే, సచిన్ 186 నాటౌట్, ద్రావిడ్ 153, ఇద్దరూ కలిసి 331 పరుగుల భాగస్వామ్యం. ఆ సాయంత్రం బషీర్‌బాగ్ చౌరస్తా దాకా కేకలు వినిపించాయని ఆ చుట్టుపక్కల షాపుల వాళ్లు ఇప్పటికీ చెబుతారు. 2005 నుంచి అంతర్జాతీయ క్రికెట్ ఉప్పల్‌కు వెళ్లిపోయింది. ఉప్పల్ దూరమే అయినా, మెట్రో వచ్చాక అక్కడ "స్టేడియం" అనే స్టేషనే ఉంది, మ్యాచ్ రోజున రాత్రి రైళ్లు ఎక్కువసేపు నడుపుతున్నారు. మంచి ఏర్పాటు. మ్యాచ్‌కు చేయగలిగింది రవీంద్రభారతిలో వారానికి ఒక నాటకం రోజున కూడా ఆలోచించవచ్చు.

అయితే నాకు లాల్ బహదూర్ స్టేడియంలో పెద్ద మ్యాచ్‌ల కంటే తెల్లవారుజామే ముఖ్యం. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి సైనా నెహ్వాల్ కథ మీరు వినే ఉంటారు. వాళ్ల నాన్నగారు రాజేంద్రనగర్‌లో వ్యవసాయ శాస్త్రవేత్త. చిన్నప్పుడు ఆ పాపను చీకటితో నిద్ర లేపి, స్కూటర్ మీద సుమారు 20 కిలోమీటర్లు లాల్ బహదూర్ స్టేడియానికి తీసుకొచ్చేవాళ్లు. పాప నిద్రలో తూలి పడిపోతుందేమోనని కొన్నాళ్లు వాళ్లమ్మ వెనక కూర్చుని పట్టుకునేది. తర్వాత పి.వి. సింధు. సికింద్రాబాద్ రైల్వే సంస్థ కోర్టుల్లో ఓనమాలు దిద్దుకుంది. పెద్ద శిక్షణకు వెళ్లే రోజుల్లో రోజూ 56 కిలోమీటర్లు ప్రయాణం చేసేదని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆమె తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. ఆట విలువ వాళ్లకు తెలుసు.

ఈ రెండు కథలనూ మనం తల్లిదండ్రుల త్యాగంగా చెప్పుకుని చప్పట్లు కొడతాం. కొట్టాల్సిందే. కానీ స్కూటర్ లేని తండ్రి, తెల్లవారుజామునే పాచిపనికి వెళ్లే తల్లి, వాళ్ల పాప సంగతేమిటి? బోరబండలోనో, ఉప్పుగూడలోనో అంతే వేగంగా చెయ్యి తిప్పగల పాప ఉండే ఉంటుంది. కోర్టు ఆమెకు 20 కిలోమీటర్ల దూరంలో ఉంటే ఆ సంగతి ఆమెకే ఎప్పటికీ తెలియదు. నగరంలో వేదికలు ఎక్కడ పెడుతున్నామన్నది అందుకే నాకు ఇంత పట్టింపు.

2002 జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిలో పెద్ద క్రీడా ప్రాంగణం కట్టారు. అథ్లెటిక్స్, హాకీ, ఈత, ఇండోర్ స్టేడియం, అన్నీ ఒక్కచోట. 2003లో ఆఫ్రో-ఆసియా క్రీడలు, 2007లో ప్రపంచ సైనిక క్రీడలు ఈ నగరంలో జరిగాయి. ఆ సమయంలో నగరం గర్వపడింది, నేనూ గర్వపడ్డాను. ఆ తర్వాత అక్కడ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు, కబడ్డీ లీగ్ జరిగాయి. అయితే మెట్రో రాయదుర్గం దగ్గర ఆగిపోయింది. పాతబస్తీ కుర్రాడు రోజూ సాధనకు గచ్చిబౌలి వెళ్లిరావడమంటే చదువో, పనో ఒకటి వదులుకోవాలి. ఆ ప్రాంగణంలోని బహుళ అంతస్తుల క్రీడాగ్రామం భవనాన్నే 2020లో కరోనా ఆసుపత్రిగా మార్చారు. ఆపద వేళ ఊరికి పనికొచ్చింది, మంచిదే. పెద్ద భవనం ఊరికే నిలబడి ఉంటే ఎప్పుడో ఒకప్పుడు వేరే పనికి పోతుందన్నది కూడా దాంట్లోంచే తెలుసుకోవాలి. రోజూ పిల్లలతో నిండి ఉన్న గ్రౌండ్‌ను ఎవరూ అంత తేలిగ్గా తీసుకోలేరు.

లాల్ బహదూర్ స్టేడియంలో రాజకీయ సభల గురించి కూడా ఒక మాట. 1983 జనవరిలో ఎన్టీఆర్ అక్కడే ప్రమాణ స్వీకారం చేశారు, 2023 డిసెంబర్‌లో రేవంత్ రెడ్డి అక్కడే చేశారు. జనం మధ్య ప్రమాణం చేయడం మంచి సంప్రదాయం. దానికి నగరం నడిబొడ్డున ఉన్న మైదానమే సరైనది. కానీ సభ అంటే గ్రౌండ్‌లోకి లారీలు వస్తాయి, పందిరి గుంజలు దిగుతాయి, వేల కుర్చీలు పడతాయి. గడ్డి కోలుకోవడానికి వారాలు పడుతుంది. అన్నాళ్లూ పొద్దున్నే వచ్చే పిల్లలు గేటు దగ్గర నుంచి వెనక్కి పోతారు. ఆ పిల్లలకు ముందుగా చెప్పి, ప్రత్యామ్నాయ గ్రౌండ్ చూపించి, సభ తర్వాత ఎన్ని రోజుల్లో మైదానం తిరిగి అప్పగిస్తారో రాసిచ్చే నిబంధన ఉంటే చాలు. సభ జరుపుకున్నవాళ్లే ఆ ఖర్చు పెట్టుకోవాలి.

డబ్బు సంగతి వచ్చింది కాబట్టి నుమాయిష్ గురించి చెప్పాలి, నాకు ఇష్టమైన ఉదాహరణ అది. 1938లో ఉస్మానియా పట్టభద్రులు కొందరు పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్న ప్రదర్శనగా మొదలుపెట్టారు. 1946లో నాంపల్లి గ్రౌండ్స్‌కు మారింది. జనవరి ఒకటి నుంచి ఫిబ్రవరి నడిమి దాకా ఊరు ఊరంతా అక్కడే. మిర్చి బజ్జీ, కాశ్మీరు శాలువాలు, జెయింట్ వీల్, పిల్లల రైలు. మనం కొనే టికెట్ డబ్బు, స్టాళ్ల అద్దె ఎక్కడికి పోతాయో చాలామందికి తెలియదు. ఎగ్జిబిషన్ సొసైటీ ఆ ఆదాయంతో విద్యాసంస్థలు నడుపుతోంది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ ఆ గ్రౌండ్స్‌లోనే ఉన్నాయి. వినోదం నుంచి వచ్చిన రూపాయి ఆడపిల్లల చదువుకు వెళ్తోంది. ఇదే పద్ధతి హాళ్లకూ తేవచ్చు. మాదాపూర్ శిల్పకళావేదిక రెండున్నర వేల మంది పట్టే హాలు. సినిమా వేడుకలకు, కంపెనీల కార్యక్రమాలకు గిరాకీ ఉంది. అలాంటి చోట వచ్చే అద్దెలో ఒక వాటా పక్కన పెట్టి, చిన్న నాటక సమాజాల హాలు అద్దెకు, బస్తీ పిల్లల షటిల్ కోర్టు నిర్వహణకు ఇవ్వమని అడగడం తప్పు కాదు.

కొత్త భవనాల కంటే ముందు చేయగలిగినవి చాలా ఉన్నాయి. మున్సిపల్ స్కూళ్లలో, కాలేజీల్లో హాళ్లు సాయంత్రం ఐదు తర్వాత తాళం వేసి ఉంటాయి. వాటిని రిహార్సళ్లకు ఇవ్వొచ్చు. కార్పొరేషన్ మల్టీపర్పస్ ఫంక్షన్ హాళ్లు ముహూర్తాలు లేని నెలల్లో ఖాళీగా ఉంటాయి. మూఢం వచ్చిందంటే వాటిలో పెళ్లిళ్లు ఉండవు. ఆ రోజులను ముందే ప్రకటించి నాటకానికి, కూచిపూడి క్లాసులకు, టేబుల్ టెన్నిస్‌కు ఇవ్వొచ్చు. ప్రతి హాలు నెల కార్యక్రమాలూ, ఖాళీ తేదీలూ అందరికీ కనిపించేలా పెట్టాలి, సిఫారసు అవసరం లేకుండా బుకింగ్ జరగాలి. ఆడవాళ్లకు శుభ్రమైన బాత్రూములు, చక్రాల కుర్చీ వెళ్లే ర్యాంపు, గ్రీన్‌రూంలో తలుపుకు గడియ. ఇవి అడగాల్సి రావడమే బాధాకరం, అయినా అడుగుతున్నాను. మేకప్ గదికి గడియ లేక, బయట తోటి నటిని కాపలా పెట్టుకుని చీర మార్చుకున్న అమ్మాయిలను నేను చూశాను. వాళ్లలో కొందరు మళ్లీ నాటకానికి రాలేదు.

ఈ సభ తరఫున ఒక వినతిపత్రం తయారు చేస్తున్నామని నిర్వాహకులు చెప్పారు. దాంట్లో పది అంశాలు రాయొద్దని నా మనవి. పది రాస్తే ఒక్కటీ చదవరు. నాటకాలకు, నృత్యానికి ప్రదర్శన ముందు రోజు సాయంత్రం సెషన్‌ను రిహార్సల్ కోసం సగం అద్దెకు ఇవ్వాలని మొదటి అంశంగా రాద్దాం. నగరంలోని ప్రతి కార్పొరేషన్ సర్కిల్‌లో, అంటే ప్రతి పాలనా విభాగంలో, ఒక ఇండోర్ కోర్టును పొద్దున్న ఐదు నుంచి ఎనిమిది దాకా పదహారేళ్ల లోపు పిల్లలకు ఉచితంగా తెరవాలని రెండో అంశంగా రాద్దాం. ఇక్కడ కోచ్‌లు ముగ్గురు నలుగురు కనిపిస్తున్నారు, ఆ వేళలు సరిపోతాయో లేదో వాళ్లు చెప్పాలి. మైకు అటు ఇస్తున్నాను.